పోటెక్కే కప్పు

హార్బరులో వేలం పాట అయ్యాక గంగాలమ్మ తట్ట నెత్తికెత్తుకుని నేరుగా బజారుకి పోయేది కాదు. దారిలో, గేటుకి పెద్ద గంట వేలాడే గంట కాలేజీ దగ్గర ఆగేది. తట్టని గోడవారగా దించి, పిల్లుల్ని ఒక కేక వేసి బెదరగొట్టి, చీరకంటిన పొలుసులు దులుపుకుని ఆఫీసు వరండా ఎక్కేది. అటెండరు కన్నబాబు అప్పటికే కప్పుని బీరువా మీంచి దించి స్టూలు మీద పెట్టి ఉంచేవాడు.

"నీల్లు సూసీ అప్పా. ఇంకా వొంపలేదు," అనేవాడు.

గంగాలమ్మ తొంగి చూసేది. పోటు వేళయితే నీళ్లు అంచుదాకా ఉండేవి. ఆటు వేళయితే అడుగున చెంబుడు. నీళ్లు తేటగా ఉంటే ఆ మధ్యాహ్నం బోట్లు వేటకి వెళ్లొచ్చు. మట్టిరంగు తిరిగి అంచున నురగ కట్టాయంటే సముద్రం చెడబోతోందన్నమాట. ఆమె ఆ కబురు తమ జాలరి పేటకి పంపేది. కన్నబాబు నీళ్లు బకెట్లోకి వొంపి, కప్పు తుడిచి, మళ్లీ బీరువా మీద పెట్టేవాడు. ప్రిన్సిపాల్ గారికి ఇందులో ఉన్న అభ్యంతరమల్లా ఒకటే: ఉప్పునీటికి బీరువా రంగు లేచిపోతోందని.

అది ఫుట్‌బాల్ కప్పు. 1991లో విశాఖపట్నం పెద్దలు కొందరు కూర్చుని, జిల్లాలో కాలేజీలన్నిటికీ కలిపి ఛాంపియన్‌షిప్ పెడదామనుకున్నారు. ఆట సంగతి టీ తాగేలోపు తేలిపోయింది. కప్పు ఎలా ఉండాలన్నది తేలడానికి మాత్రం ఎండాకాలమంతా పట్టింది. పోర్టు తరఫువాళ్లు లంగరు ఉండాలన్నారు. ఉక్కు తరఫువాళ్లు కొలిమి ఉండాలన్నారు. డ్రాయింగు మాస్టారు ఒక పక్క లంగరు, ఒక పక్క క్రేను కొక్కెం, మధ్యలో మంటలు కక్కే కొలిమి గీసుకొచ్చేసరికి అది కప్పులా కాక ఇనప సామాను కొట్టులా కనబడింది. ఎవరో అమాయకుడు, పిడులకి చేపలు పెడితే అందంగా ఉంటుంది కదా అన్నాడు. "కప్పుకి నీచు వాసన అంటగడతావా ఏమయ్యా!" అని అందరూ నవ్వారు. ఈ ఊళ్లో చేపని కంచంలో పెట్టుకుంటారు గానీ నెత్తిన పెట్టుకోరు.

చివరికి పాత టౌనులో ఇత్తడి పని చేసే నిసార్‌ని పిలిపించారు. ఓడల గంటలకీ దీపాలకీ పేరున్నవాడు. అందరి మాటలూ విని, అందరికీ "జీ, జీ" అని తలూపి, ఇంటికెళ్లి తనకి తోచినట్టు చేశాడు. కడుపు బిందెలా గుండ్రంగా. రెండు పిడులూ లేచి లోపలికి విరగబోతున్న అలల్లా. మెడ చుట్టూ పేనిన తాడు. కింద ఎనిమిది ముఖాల టేకు పీట. దాని మీద ఏటేటా గెలిచిన జట్టు పేరు చెక్కిన చిన్న రేకు బిగించాలి. ఇత్తడి కోసం హార్బరులో విప్పేసిన ఓ ముసలి ఓడకి నీళ్లలో తిరిగే పంకా కొని కరిగించాడు.

మొదటి ఏడాది కప్పందుకున్న కెప్టెను దాన్ని నెత్తిమీదికి ఎత్తగానే నిలువునా తడిసిపోయాడు. అది పోటు వేళ. అందరూ నిసార్ వంక చూశారు. "ఓడ పంకా కదా సార్. సముద్రం అలవాటు ఒక్కరోజులో పోతుందా?" అన్నాడు నిసార్. నిజమే అనుకున్నారు. కమిటీ తరవాతి మీటింగులో కప్పుతోపాటు ఒక బకెట్టు కూడా ఇవ్వాలని తీర్మానించారు.

కప్పు ఏ కాలేజీ గెలిస్తే ఏడాదిపాటు ఆ కాలేజీలో ఉండాలి. గంట కాలేజీ సముద్రం పక్కనే ఉంది. పేట కుర్రాళ్లంతా అక్కడే చదివేవారు. ఇసకలో ఒట్టికాళ్లతో ఆడి పెరిగినవాళ్లు గడ్డి మీద ఆగుతారా! తొంభైల్లో ఆ కప్పు గంట కాలేజీ గడప దాటింది తక్కువ. ఊరికి అది ఆట. పేటకి మాత్రం కాదు. ఫైనల్ రోజు పేటలో పొయ్యి వెలిగేది కాదు. గోలు పడితే, ఇంకో ఏడాది తమ మగాళ్లు ఇంటికి తిరిగొస్తారని ఆడవాళ్లు కొంగులు కళ్లకి ఒత్తుకునేవారు.

గంగాలమ్మ కొడుకు సన్నీ. వాడికి బంతి తన్నడం నేర్పింది ఆమె తమ్ముడు దొరబాబు. పాత వలముక్కలు ఉండచుట్టి, తాడు బిగించి, అలల అంచున మేనల్లుణ్ణి పరిగెత్తించేవాడు. తడి ఇసకలో ఆడినోడికి గ్రౌండు పూలపానుపు అనేవాడు. గంగాలమ్మ ఒడ్డున కూర్చుని చూస్తూ ఒకే ఒక్క మొక్కు మొక్కుకునేది. తండ్రిని సముద్రం తీసుకుంది. మొగుడు నూకాలు రోజూ దాని దయ మీద వెళ్లి వస్తున్నాడు. కొడుకు మాత్రం బోటెక్కకూడదు. ఏదో ఒక కంపెనీలో కుర్చీలో కూర్చోవాలి, లేదా గేటు దగ్గరైనా నిలబడాలి. నేలమీద ఉంటే చాలు.

సన్నీ ఇంటర్ పాసైన ఏడాది, మద్దిలపాలెం దాటాక కొండవాలులో కట్టిన ప్రైవేటు కాలేజీ నుంచి కోచ్ ఒకాయన మోటారు సైకిలు మీద పేటకి వచ్చాడు. అందరూ దాన్ని కొండ కాలేజీ అంటారు. సీటు ఊరికే ఇస్తామన్నాడు, హాస్టలు ఇస్తామన్నాడు, బూట్లు ఇస్తామన్నాడు. డిగ్రీ అయ్యాక ఒక పెద్ద కంపెనీ జట్టుకి స్పోర్ట్స్ కోటాలో పంపుతామన్నాడు. వెళ్తూ వెళ్తూ ముక్కు మూసుకున్నాడు గానీ మాట మాత్రం మర్యాదగానే మాట్లాడాడు.

"నీ కొడుకు అటెల్తే కప్పూ అటెల్లిపోద్ది అప్పా," అన్నాడు దొరబాబు. "కొండ మీద కప్పుంటే మనల్ని గేటు దాటనిత్తారేటి?"

"కప్పు పోతే రేడియో ఉన్నాది. గుంటడికి ఉజ్జోగం పోతే ఏటున్నాది?" అంది గంగాలమ్మ.

నూకాలు చుట్ట వెలిగించుకుని సముద్రం వైపు తిరిగాడు. భార్య నిర్ణయం చేసేశాక మాట్లాడి చెడ్డవాడు కావడం ఎందుకని అతని నమ్మకం.

"నువ్వేటంతావురా?" అని సన్నీని అడిగాడు దొరబాబు.

"అమ్మ ఎల్లమంటే ఎల్తాను మావా."

"ఎల్లరా. ఆఫీసరైపోయినాక ఈ మావని మర్సిపోకు," అని వాడి జుట్టు చెరిపాడు దొరబాబు. పేటలో మిగతావాళ్లు అంత తేలిగ్గా వదల్లేదు. కుళాయి దగ్గర గంగాలమ్మ బిందె పెడితే పక్కన ఇంకెవరూ పెట్టేవారు కాదు.

2001 ఫైనల్లో గంట కాలేజీ మీద కొండ కాలేజీ గెలిచింది. గోలు కొట్టింది సన్నీ. పేట వాళ్లు కూర్చున్న వైపు ఒక్క చప్పట్టు లేదు. గంగాలమ్మకి చేతులు దురద పెట్టాయి. కొంగు కింద దాచుకుంది.

నిసార్‌కి ఒక పద్ధతి ఉండేది. ఆట అయిన వెంటనే కప్పు ఇవ్వాలి కాబట్టి, ఫైనల్ ఆడే రెండు జట్ల పేర్లూ ముందే రెండు రేకుల మీద చెక్కి తెచ్చుకునేవాడు. గెలిచినవాళ్ల రేకు పీటకి బిగించి, ఓడినవాళ్లది మూసలో పడేసేవాడు. ఏళ్ల తరబడి ఒకే కాలేజీ గెలుస్తుంటే రెండోది చెక్కడం దండగని మానేశాడు. ఆ రోజు జేబులో చెయ్యి పెడితే గంట కాలేజీ రేకు ఒక్కటే ఉంది. కొండ కాలేజీ ప్రిన్సిపాల్ మంత్రిగారి చేతుల మీదుగా పేరులేని కప్పు అందుకున్నాడు. ఫోటోలో ఆయన పళ్లు కనబడ్డాయి గానీ అది నవ్వు కాదు. నిసార్ మరుసటి వారమే రేకు చెక్కి పట్టుకెళ్లినా, ఆయన అది మర్చిపోలేదు.

కప్పుకి ఆయన తన గదిలో ఎర్ర మఖమలు పరిచిన అద్దాల పెట్టె చేయించాడు. పేట ఆడవాళ్లు నలుగురు కూడబలుక్కుని, గంగాలమ్మని కూడా వెంటబెట్టుకుని కొండెక్కి వెళ్లారు.

"చేపల తట్టలతో లోపలికా?" అన్నాడు వాచ్‌మన్.

తట్టలు రోడ్డు మీద దించారు. "ఏం పని?" అన్నాడు.

"కప్పులో నీల్లు సూడాల బాబూ."

"నీళ్లు కావాలంటే అదుగో కుళాయి."

గంగాలమ్మ గెలిచినవాడి తల్లినని చెప్పుకుంది. తల్లులకి పేరెంట్స్ మీటింగు వేరే పెడతారని చెప్పాడు. అంతే, మళ్లీ ఎవరూ వెళ్లలేదు.

రెండేళ్లు రేడియో బాగానే చెప్పింది. సముద్రం కూడా మంచిగానే ఉంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. కుళాయి దగ్గర గంగాలమ్మ బిందె పక్కన మళ్లీ బిందెలు చేరాయి. ఈలోపు కొండ కాలేజీ ప్రిన్సిపాల్ ఛాంపియన్‌షిప్ కమిటీకి అధ్యక్షుడయ్యాడు. అవుతూనే, వరసగా మూడేళ్లు గెలిచినవాళ్లకి కప్పు శాశ్వతంగా సొంతమని ఒక నియమం పెట్టించాడు. 2003లో సన్నీ కెప్టెనుగా కొండ కాలేజీ మూడోసారి గెలిచింది. కప్పు ఇంక కొండ దిగే పనిలేదు. సన్నీకి కంపెనీ ట్రయల్సుకి పిలుపు వచ్చింది.

ఆ మే నెలలో ఒక పొద్దున్న, ప్రాక్టీసు అయ్యాక బంతుల సంచీ పెట్టడానికి సన్నీ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాడు. అద్దాల పెట్టెలో కప్పు నురగలు కక్కుతోంది. బురద నీళ్లు అంచు దాటి మఖమలంతా పాకాయి. రేడియో మాత్రం వాయుగుండం ఒరిస్సా వైపు పోతోందని ముందురోజు నుంచీ చెబుతూనే ఉంది. సన్నీ క్లర్కు దగ్గరికి పరిగెత్తాడు, హార్బరుకి ఒక్క ఫోను చేయనివ్వమని. ఫోనుకి తాళం ఉంది. తాళంచెవి ప్రిన్సిపాల్ జేబులో ఉంది. ప్రిన్సిపాల్ ఇంకా రాలేదు.

ఆటోకి కూడా ఆగలేదు వాడు. బూట్లు విప్పి పారేసి కొండ దిగాడు. మద్దిలపాలెం డిపో ముందు బస్సుల మధ్యనుంచి దూరి, పెదవాల్తేరు మీదుగా, ఎండలో, తారు కాళ్లకి అంటుకుంటుంటే ఆగకుండా పరిగెత్తాడు. జీవితంలో ఏ మ్యాచ్‌లోనూ అలా పరిగెత్తలేదు. ఇసకలోకి వచ్చేసరికి చాలా బోట్లు ఇంకా ఒడ్డునే ఉన్నాయి. ఒక్క దొరబాబు బోటు మాత్రం అప్పుడే అలలు దాటింది. నూకాలు కూడా వెళ్లాల్సినవాడే. ఎలమంచిలిలో చుట్టాలింట పెళ్లని ఆగిపోయాడు.

సన్నీ చొక్కా విప్పి రెండు చేతులా ఊపాడు. గొంతు చిరిగేలా అరిచాడు. దొరబాబు చూశాడు. బోటులో లేచి నిలబడి, తలపాగా విప్పి, తనూ ఊపాడు. పక్కవాళ్లకి ఒడ్డు వైపు చూపించి ఏదో చెప్పి నవ్వాడు. ఇంజను ఆగలేదు.

తరవాత ప్రాణాలతో దొరికినవాళ్లు చెప్పారు ఏమన్నాడో. "మా మేనల్లుడికి ఉజ్జోగం వచ్చీసినట్టున్నాది, సెప్పడానికి ఎలగ పరిగెట్టుకొచ్చినాడో సూడండి" అన్నాడట. సాయంత్రానికి గాలి తిరిగింది. తిరగబడ్డ బోటు పట్టుకుని మిగతావాళ్లు బతికారు. దొరబాబు దొరకలేదు.

దొరబాబు పెళ్లాం కాశమ్మ గుండెలు బాదుకోలేదు. గంగాలమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"కప్పుని కొండెక్కించినావు కదా వదినా. ఇప్పుడు ఆయన్ని ఎక్కడ ఎతకమంతావు?" అంది.

కొండ మీద ప్రిన్సిపాల్‌కి మఖమలు పాడైందని కోపం వచ్చింది. తాపీమేస్త్రీని పిలిపించి కప్పు నిండా సిమెంటు పోయించాడు. అది గట్టిపడ్డాక పైన ప్లాస్టిక్ పూలు పెట్టించాడు. ఆ తరవాత కప్పు మళ్లీ ఒక్క చుక్క తడవలేదు.

సిమెంటు పోసిన రోజే పోటు వేళకి సన్నీ కుడి మోకాలు పొంగింది. అంత దూరం పరిగెత్తాడు, పొంగదా అనుకున్నారు. ఆటు వేళకి తగ్గింది. మళ్లీ పోటుకి పొంగింది. ఆస్పత్రిలో డాక్టరు సూది గుచ్చి నీళ్లు లాగాడు. సూదిమందు గొట్టంలో తేటగా, ఉప్పు వాసనతో నీళ్లు, వాటిలో చిన్న రొయ్యపిల్ల ఒకటి ఈదుతోంది. డాక్టరు దాన్ని దీపం వెలుగులో చూసి, పేట వాళ్లకి ఇలాంటివి మామూలేనా అని అడిగి, ఇకనించి ఆటు వేళ రమ్మన్నాడు. ఎన్నిసార్లు లాగినా పోటుతో మళ్లీ నిండేది.

ట్రయల్సు రోజు పోటు పొద్దున్నే వచ్చింది. ఆటు వేళకి ఆడతానని సన్నీ బతిమాలాడు. అందరికీ ఒకటే టైమన్నారు, అది న్యాయమే. కాలు వంగక వాడు లైను దగ్గరే కూలబడ్డాడు. గంగాలమ్మ గేటు బయట నిలబడి, కొడుకు ఎవరి భుజమో పట్టుకుని వస్తుంటే చూసింది. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. కానీ దైవానికి ఈ మోకాలే దొరికిందా అని ఆమెకి కడుపు మండిపోయింది.

మోకాలి సంగతి మొదట పసిగట్టింది కాశమ్మ. మొగుడు పోయాక, నూకాలు బోటులో ఆమె పెద్దకొడుకు చేరాడు. ఒకరోజు బోటు బయల్దేరే ముందు ఏదో పనిమీద వచ్చి, అరుగు మీద కాలు చాపుకుని మూలుగుతున్న సన్నీని చూసింది. మోకాలు రాయిలా బిగిసి, కాలిపోతూ ఉంది. కాశమ్మ వంగి చెవి ఆనించింది. లోపల నురగ చిటపటలాడుతోంది.

"బోట్లు ఆపండర్రా," అంది ఆమె బయటికొచ్చి.

ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా ఆపారు. రాత్రికి పెనుగాలి వచ్చింది. తెల్లారి ఒడ్డున అన్ని బోట్లూ, అందరు మగాళ్లూ ఉన్నారు. కాశమ్మ ఆ పొద్దున్న ఇంత కానాగంత చేపల పులుసు వండి గిన్నెతో తెచ్చి, సన్నీ మంచం పక్కన పెట్టి, గంగాలమ్మతో మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఆనాటి నుంచీ వేటకెళ్లే ముందు పేట మొత్తం గంగాలమ్మ వాకిట్లోకి రావడం అలవాటైంది. సన్నీ నులక మంచం మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. గంగాలమ్మ కట్టు విప్పేది. ఒకరు వేలితో నొక్కి చూసేవారు, ఒకరు చెవి పెట్టేవారు. ప్రతి బోటు నుంచీ మంచి చేప ఒకటి వాళ్లింటికి వచ్చేది. పండగల్లో మొదటి బొట్టు వాడికే. పెద్దవాళ్లు కూడా వాడి ముందు చుట్ట కాల్చేవారు కాదు. ఇన్ని మర్యాదలు చేసి వాణ్ణి మంచం దిగనిచ్చేవారు కాదు.

అచ్యుతాపురంలో కొత్త ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు ఒక దాంట్లో కూర్చుని చేసే పని ఉందని ఎవరో చెప్పారు. సన్నీ సంచీ సర్దుకున్నాడు. సంగతి తెలిసి పేట పెద్దలంతా వచ్చారు.

"నువ్వెల్లిపోతే మా గతేటి బాబూ?" అన్నారు. కోపంగా కాదు, చేతులు కట్టుకుని. దానికి ఎదురు చెప్పడం ఇంకా కష్టం. సన్నీ కాశమ్మ వైపు చూశాడు. సంచీ మళ్లీ వంకీకి తగిలించాడు.

2007లో కొండ కాలేజీకి పైనుంచి ఇన్‌స్పెక్షన్ వస్తోందని హడావుడి మొదలైంది. కప్పు నల్లబడిపోయి ఉంది. ప్రిన్సిపాల్‌కి ఇష్టం లేకపోయినా నిసార్‌ని పిలిపించక తప్పలేదు. కప్పు మాత్రం గేటు దాటకూడదు, తన గదిలోనే, తన కళ్లముందే మెరుగు పెట్టాలన్నాడు. నిసార్ కప్పుని తట్టి చూసుకుని, రేపు సామాన్లతో వస్తానని చెప్పి, తిన్నగా పేటకి వచ్చాడు. గంగాలమ్మ ఇంటి వెనక ఎండుచేపలు తిరగేస్తోంది.

"చెల్లెమ్మా, నీతో ఒక మాట," అన్నాడు. ముసలాడైపోయాడు. గోడకి ఆనుకుని కూర్చుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "కప్పు చూసొచ్చాను. లోపల సిమెంటు ఇత్తడిని వదిలేసింది. ఉలితో నాలుగు దెబ్బలేస్తే ముద్దంతా ఊడొస్తుంది. లోపలేం చేసినా ఆయనకి పట్టదు. బయట మెరిస్తే చాలంట."

గంగాలమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "ఊడొత్తే?"

"నీళ్లు వాటి చోటికి అవి పోతాయి. బిడ్డ కాలు మంచిదవుతుంది."

ఆమెకి ఒక్కసారి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. సన్నీకి ఈ ఏడు ట్రయల్సుకి ఇంకా వయసుంది. వచ్చే ఏడు దాటిపోతుంది. కాలు తగ్గితే వాడు మళ్లీ పరిగెత్తుతాడు. ఆడలేకపోయినా నడుస్తాడు, అచ్యుతాపురం పోతాడు, పెళ్లి చేసుకుంటాడు. ఇవన్నీ ఆమె కళ్లముందు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి.

"కానీ కప్పు కొండమీదే ఉంటుంది చెల్లెమ్మా," అన్నాడు నిసార్ నేల చూస్తూ. "మీకెవ్వరికీ కనబడదు. అది కూడా చెప్పాలి కదా."

"నువ్వింకో కప్పు సెయ్యలేవా అన్నా?"

"ఆ పంకా ఇత్తడంతా దాంట్లోనే పోశాను. వేరే ఇత్తడితో రెండు చేసి చూశాను. పొడిగానే ఉన్నాయి."

"పేట పెద్దలకి సెప్పినావా?"

"లేదు. వాళ్లనడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు. నువ్వు తల్లివి. నువ్వు తియ్యమంటే తీసేస్తాను. ఎవరికీ తెలీదు."

ఎదర ఒడ్డున నూకాలూ, కాశమ్మ పెద్దకొడుకూ వల సర్దుతున్నారు. ఆ కుర్రాడు అచ్చం దొరబాబులాగే నడుముకి తువ్వాలు బిగించి, అదే నవ్వు నవ్వుతున్నాడు. ఒకసారి తన కొడుకు కోసమని తను చేసిన పనికి వాడికి తండ్రి లేకుండా పోయాడు. ఏ వేలికి దెబ్బ తగిలినా నొప్పి ఒకటే అంటారు. అది చెప్పినవాళ్లు తమ చేత్తో తమ వేలు తెగ్గోసుకుని ఉండరు. ఇంటి ముందు అరుగు మీంచి సన్నీ ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది. గంగాలమ్మ చేపని బోర్లించి, ఇంకోదాన్ని తీసింది. అదీ బోర్లించింది.

"పైపైన తోమీ అన్నా," అంది.

"లోపల?"

"లోపల ముట్టుకోకు."

నిసార్ ఆమె మొహం వైపు చూడలేదు. మంచినీళ్లడిగి తాగి, చెంబు అక్కడే పెట్టి, మోకాళ్ల మీద చేతులూని లేచి వెళ్లిపోయాడు. ఆమె చాలాసేపు ఎండుచేపల ముందే కూర్చుంది. తను మంచి చేసిందో చెడు చేసిందో చెప్పేవాళ్లు లేరు. అడగడానికి ఉన్నవాడు సన్నీ ఒక్కడే, వాణ్ణి అడగడానికి నోరు రాదు.

పోటు మొదలయ్యే వేళకి ఆమె లేచి ముందువైపు వచ్చింది. వాకిట్లో అప్పటికే జనం చేరారు. కాశమ్మ పెద్దకొడుకు చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిసార్ మావ ఎందుకొచ్చినాడమ్మా?" అన్నాడు సన్నీ.

"కొండ కాలేజీలో కప్పుకి మెరుగు పెట్టమన్నారంట. ఆ దారినే పోతా పలకరించినాడు."

సన్నీ మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి చాలా ఏళ్లయింది. "బాగా మెరిపించమని సెప్పకపోయినావా? మూడేల్లు వరసగా తెచ్చినాను కదే దాన్ని," అన్నాడు.

"సెప్పినాన్రా."

ఆమె మంచం పక్కన కూర్చుని వాడి కాలు ఒళ్లోకి తీసుకుంది. కట్టు విప్పింది. మోకాలు మెల్లగా నిండుతోంది. చెవి ఆనించి కళ్లు మూసుకుంది. లోపల సముద్రం నెమ్మదిగా, తేటగా కదులుతోంది. కట్టు మళ్లీ కట్టి, బయట నిలబడ్డవాళ్ల వైపు తిరిగింది.

"ఎల్లొచ్చు," అంది.